మొసళ్ల నది మీద పంటు

ఆస్ట్రేలియాలో కెయిన్స్ ఊరు సముద్రం ఒడ్డునే ఉంది కానీ ఆ సముద్రంలో ఎవరూ దిగరు. ఆటు వేళ నీళ్లు వెనక్కి పోతే కనుచూపు మేర బురదమేట బయటపడుతుంది. దాని మీద కొంగలూ గూడబాతులూ మేత ఏరుకుంటాయి. పోటు వేళ ఆ బురదంతా మునిగిపోతుంది, నీళ్లతోపాటు ఎప్పుడైనా ఉప్పునీటి మొసలీ రావచ్చు. అందుకని 2003లో ఒడ్డు మీదే ఎకరం పైచిలుకు కొలను ఒకటి కట్టుకున్నారు. ఉప్పునీళ్లు వడగట్టి నింపి, ఇసక పోసి, పైసా తీసుకోకుండా అందర్నీ దిగనిస్తారు. నేను విమానం దిగిన సాయంత్రమే మా మనవరాలు నన్నక్కడికి లాక్కుపోయింది. కొలనులో చంటిపిల్లలు, ముసలివాళ్లు, పక్కన అసలు సముద్రం, రెంటికీ మధ్య ఒక కాలిబాట. ఎవరి మొహంలోనూ బెరుకు లేదు. ఏ నీళ్లు తమవో, ఏ నీళ్లు కావో వాళ్లకి తెలుసు.

మా అమ్మాయి ఇక్కడ నర్సు. ఉద్యోగం వచ్చి చాలా ఏళ్లయింది. రమ్మన్నప్పుడల్లా నేను వాయిదా వేస్తూ వచ్చాను. ఖర్చు కాదు, చలి కాదు, విమాన ప్రయాణమూ కాదు. నా భయమంతా అక్కడి జీవాల గురించే. ఎవరో ఒకరు ఫోనుకి వీడియో పంపేవారు. బూటులోంచి సాలీడు, కమోడ్‌లోంచి పాము, గోల్ఫ్ మైదానం దాటుతున్న మొసలి. చూసిన రోజు రాత్రి నిద్ర పట్టేది కాదు.

పాములు చూడని మనిషినేమీ కాదు. మాది దివిసీమ. నాగులచవితికి పుట్టలో పాలు పోసిన చేత్తోనే, రక్తపింజర కరిచి పోయినవాళ్ల ఇంటికి పలకరింపుకి వెళ్లిన ఊరు మాది. మోపిదేవి స్వామికి మొక్కుకుంటాం, చీకటి పడితే టార్చి లేకుండా గట్టు మీద అడుగు పెట్టం. పింజర గడ్డివాము కింద చుట్టుకుంటుందని, కట్లపాము రాత్రిళ్లు నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుందని, కుప్ప ఎత్తేటప్పుడు ముందు కర్రతో తట్టాలని మాకు ఊహ తెలిసినప్పట్నుంచీ తెలుసు. మా పాములకి చోటుంది, వేళ ఉంది. ఫోనులో చూసిన ఆస్ట్రేలియా జీవాలకి అవి రెండూ లేవు. 76 లక్షల చదరపు కిలోమీటర్ల నేల మీద ఉన్నవన్నీ మా అమ్మాయి స్నానాల గదిలోనే కాపురం ఉన్నట్టు నా మనసు కుదిర్చిపెట్టుకుంది.

ఆ చిక్కుముడి విప్పింది మా అల్లుడు. వెళ్లిన కొత్తల్లోనే ఒక రాత్రి హాలు గోడ మీద అరచేయంత సాలీడు కనపడింది. గోధుమ రంగు, పొడుగాటి కాళ్లు, గోడకి అతుక్కుపోయి కదలకుండా ఉంది. నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. అతను గాజు గ్లాసు ఒకటి, గట్టి అట్ట ఒకటి తెచ్చాడు. గ్లాసు దాని మీద బోర్లించి, గోడకీ గ్లాసుకీ మధ్య అట్ట మెల్లగా దూర్చి, అలాగే బయటికి తీసుకెళ్లి పెరటి మొక్కల్లో వదిలేశాడు. వదిలేముందు గ్లాసుని నా ముందుకి తెచ్చి, "ఒక్కసారి చూడండత్తయ్యా, దీన్ని హంట్స్‌మన్ అంటారు. బొద్దింకల్ని తింటుంది. మన జోలికి రాదు" అన్నాడు. గాజులోంచి దాని కళ్లు కనిపించాయి. ఎనిమిది, రెండు వరసల్లో.

మరి వీడియోల్లో చూసిన నల్లటిది, చంపేస్తుందన్నది? అది సిడ్నీ ఫనెల్‌వెబ్. ఉండేది సిడ్నీ చుట్టుపక్కల. కెయిన్స్ నుంచి సిడ్నీకి రోడ్డు మీద 2,000 కిలోమీటర్లకి పైనే. అవనిగడ్డలో కూర్చుని కాశ్మీరు కొండల్లోని ఎలుగుబంటికి భయపడటమన్నమాట నేను ఇన్నాళ్లూ చేసింది. సిడ్నీలోనైనా ఆ సాలీడు కాటుకి 1981లో స్ట్రువాన్ సదర్లాండ్ అనే డాక్టరు విరుగుడు మందు తయారుచేశాక ఒక్క ప్రాణమూ పోలేదు. ఆ మందుకి విషం కావాలి, విషానికి సాలీళ్లు కావాలి. సిడ్నీకి ఉత్తరాన ఆస్ట్రేలియన్ రెప్టైల్ పార్క్ అని ఉంది. జనం తమ ఇళ్లలో కనపడ్డ ఫనెల్‌వెబ్‌ని సీసాలో పట్టి ఆ పార్కు కోసం ఇస్తారు. అక్కడ వాటి కోరల నుంచి విషం తీసి మందు తయారీకి పంపుతారు. చంపడానికి చెప్పు తీసే చోట సీసా మూత తీయడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

పామ్ కోవ్ అనే బీచికి వెళ్లాం. కొబ్బరిచెట్లు, తెల్లటి ఇసక, మన మంగినపూడి కంటే నీళ్లు తేట. ఒడ్డున ఒక స్తంభం, దానికి బిగించిన గొట్టంలో ప్లాస్టిక్ సీసా, సీసా నిండా వినిగర్. పచ్చళ్లలో పోసే వినిగరే. నవంబరు నుంచి మే దాకా ఈ తీరంలో బాక్స్ జెల్లీఫిష్ తిరిగే కాలం. తీగ తగిలితే ఒంటి మీద వేల సంఖ్యలో సూక్ష్మమైన ముళ్ల సంచులు అతుక్కుంటాయి. అన్నీ ఒకేసారి పేలవు. వినిగర్ పోస్తే ఇంకా పేలనివి పేలకుండా ఆగిపోతాయి. నొప్పి తగ్గదు కానీ విషం పెరగదు. ఈ మాటలు నాకు చెప్పింది మా మనవరాలు, బడిలో నేర్పారట. "రుద్దకూడదు అమ్మమ్మా, మంచినీళ్లు పోయకూడదు, వినిగర్ పొయ్యాలి, ట్రిపుల్ జీరోకి ఫోన్ చెయ్యాలి" అని వేళ్లు మడిచి లెక్కపెట్టింది. నేను ఎక్కాలు చెప్పిన వయసు పిల్లలకి వీళ్లు ఇవి కూడా చెబుతున్నారు. సముద్రంలో వల కట్టి చేసిన ఆవరణలోనే ఈదాలి, కాపలా మనుషులు పాతిన ఎరుపు పసుపు జెండాల మధ్యనే దిగాలి.

ఈ తీరానికి ఇంకో కథ కూడా ఉంది. ఇక్కడ ఈదిన కొందరికి ఏమీ కుట్టినట్టు తెలియకుండానే, అరగంట తిరక్కముందే నడుము విరిగేంత నొప్పి, వాంతులు, గుండెదడ వచ్చేవి. కారణం దొరకలేదు. 1952లో హ్యూగో ఫ్లెకర్ అనే డాక్టరు ఈ నేల వాళ్లయిన ఇరుకాంజీ జనం పేరు మీద ఆ జబ్బుకి ఇరుకాంజీ అని పేరు పెట్టాడు. 1961లో కెయిన్స్ డాక్టరు జాక్ బార్న్స్ చాలాకాలం నీళ్లలో గాలించి గోరంత జెల్లీఫిష్‌ని పట్టాడు. ఇదేనా కాదా తేల్చడానికి దాంతో తను కుట్టించుకున్నాడు, తొమ్మిదేళ్ల కొడుకునీ, ఒక బీచి కాపలా యువకుణ్నీ కుట్టించాడు. ముగ్గురూ ఆసుపత్రిలో పడ్డారు, ముగ్గురూ బతికారు. కొడుకుని అందులోకి దింపడం తల్లిగా నేను ఒప్పుకోలేను. కానీ కంటికి కనపడని ఒక భయానికి ఆ రోజు రూపం దొరికింది. ఆ తరవాత జనం ఒంటినిండా పట్టే పల్చటి లైక్రా తొడుగు వేసుకుని నీళ్లలో దిగడం నేర్చుకున్నారు. పగడాల దిబ్బలు చూడటానికి గ్రీన్ ఐలాండ్ వెళ్లిన రోజు నాకూ అదే తొడిగారు. చీరలో తప్ప బయటికి రాని మనిషిని, ఆ నీలం తొడుగులో, అద్దాలు పెట్టుకుని, తాడు పట్టుకుని నీళ్లలో మొహం పెట్టాను. చిలకముక్కు చేపలు పగడాన్ని కొరుకుతుంటే ఆ చప్పుడు నీళ్లలో స్పష్టంగా వినిపించింది.

నేను వచ్చింది ముఖ్యంగా డెయిన్‌ట్రీ అడవి కోసం. కెయిన్స్ నుంచి ఉత్తరంగా ఒకవైపు సముద్రం, ఒకవైపు కొండ, మధ్యలో చెరకు తోటలు. ఉయ్యూరు దారి గుర్తొచ్చింది. ఈ చెరకుని తినే పురుగుల కోసమే 1935లో బయటి దేశపు కప్పల్ని తెచ్చి ఇక్కడ వదిలారు. అవి పురుగుల్ని వదిలేసి దేశపు ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో చాలా దూరం పాకాయి. వాటి ఒంట్లో విషం. తిన్న పాములూ ఉడుములూ చచ్చిపోతున్నాయి. ఈ దేశపు జీవాలకి మనిషి తెచ్చిపెట్టిన ముప్పు అది.

డెయిన్‌ట్రీ నది మీద వంతెన లేదు. కారుతో సహా పంటు ఎక్కాలి. పులిగడ్డ వారధి పడకముందు పెనుమూడి రేవుకి ఇలాగే దాటేవాళ్లం. ఇక్కడిది ఇనప తీగ పట్టుకుని నడుస్తుంది. రేవు దగ్గర పసుపు బోర్డు. దాని మీద నోరు తెరిచిన మొసలి బొమ్మ, ఇంగ్లిషు, జర్మన్, చైనా భాషల్లో హెచ్చరిక. నీటి అంచుకి కనీసం అయిదు మీటర్లు ఎడంగా ఉండమని, రేవులో చేపలు శుభ్రం చేయవద్దని చెప్తారు. నది కాఫీ రంగులో నిశ్శబ్దంగా ఉంది. పంటు కదిలాక కిటికీ అద్దం పైకెత్తాను. మా అమ్మాయి ఏమీ అనలేదు.

అవతల ఒడ్డు వెంబడి ఇంకో చిన్న పడవలో మొసళ్లని చూపిస్తారు. పడవ నడిపే పెద్దాయన ఈ నది మీదే పెరిగాడు. ఒక్కో మొసలికీ పేరు, కాపురం, సరిహద్దు ఆయనకి నోటికి వచ్చు. మడచెట్ల వేళ్ల మధ్య బురద మీద ఆడ మొసలి పడుకుని ఉంది. ఇంజను ఆపేశాడు. నాకూ దానికీ మధ్య మా వాకిలంత దూరం. నోరు పూర్తిగా తెరిచి ఉంచింది. కోపంతో కాదు, ఒళ్లు చల్లబరచుకోడానికట. లోపలంతా లేత పసుపు. గొంతు దగ్గర అడ్డంగా ఒక మడత, నీళ్లలో నోరు తెరిచినా లోపలికి చుక్క పోకుండా మూసే తలుపు అది. వీపు మీద పొలుసుల వరసల్లో బురద ఎండి పగుళ్లిచ్చింది. కంటి మీద ఒక తూనీగ వాలింది. మొసలి కదలలేదు.

ఆయన చెప్పినవి నేను పుస్తకంలో రాసుకున్నాను. వానాకాలంలో ఆకులూ బురదా కుప్పపోసి యాభై దాకా గుడ్లు పెడుతుంది, పొదిగే వేడిని బట్టి పిల్లలు ఆడో మగో తేలుతుంది, నూటికి ఒక్కటి కూడా పెద్దది కాదు. వరదకి గుడ్లు కుళ్లిపోతాయి, పిల్లల్ని చేపలూ పక్షులూ పెద్ద మొసళ్లూ తినేస్తాయి. తల్లి మాత్రం పిల్లలు కూసిన చప్పుడు విని గూడు తవ్వి, ఆ కోరల మధ్యే వాటిని పెట్టుకుని నీళ్లకి మోస్తుంది. రెండో ప్రపంచయుద్ధం తరవాత చర్మాల కోసం వేటాడి ఈ జాతిని దాదాపు తుడిచిపెట్టారు. కెయిన్స్ ఉన్న ఈ క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో 1974లో వేట ఆపారు. పక్కనున్న నార్తర్న్ టెరిటరీలో 1971లో ఆపినప్పుడు మూడు వేలు మిగిలాయి, ఇప్పుడవి లక్ష. జనం, మొసళ్లు ఒకే నేల మీద ఉన్నారు.

ఇంత పెరిగాక ప్రమాదం లేదా అంటే ఉంది. మనుషులు పోయిన సందర్భాలున్నాయి, ఆయన వాటిని దాచలేదు. మొసలి మన అలవాటు కనిపెడుతుందన్నాడు. రోజూ ఒకే చోట, ఒకే వేళకి నీళ్ల దగ్గరికి వచ్చేవాణ్ని నీళ్లలోంచి చూస్తూ ఉంటుంది. అందుకే ఒకసారి నీళ్లు ముంచిన చోట రెండోసారి ముంచకూడదు. వింటుంటే వేమన చెప్పిన స్థానబలిమి గుర్తొచ్చింది. గజేంద్రుడంతటి వాణ్ని అన్నేళ్లు పట్టి లాగింది మడుగులో కాబట్టే. పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో ఆ పాఠం. ఆ బలం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నేలమీద గీత గీసినట్టు చూసింది మాత్రం ఆ బోర్డు దగ్గరే. అయిదు మీటర్లు. తిరుగు ప్రయాణంలో పంటు మీద అద్దం దించుకునే కూర్చున్నాను, గాలి బాగుంది.

నది దాటాక అడవి. అది తూర్పు కూకూ యలంజీ జనం నేల. 2021లో డెయిన్‌ట్రీ నేషనల్ పార్కు హక్కుని ప్రభుత్వం వాళ్లకి తిరిగి అప్పగించింది. నదికి ఇవతలే ఉన్న మోస్‌మన్ లోయలో వాళ్ల యువకుడొకడు మమ్మల్ని తిప్పాడు. ముందు పొగ వేసి, దాని చుట్టూ నడిపించి, తన పెద్దలకి మేం వచ్చామని చెప్పాడు. దారి పక్కన హృదయాకారపు వెడల్పాటి ఆకుల మొక్క చూపించి అందర్నీ వెనక్కి జరగమన్నాడు. జింపీ జింపీ. ఆకు నిండా గాజు సూదుల్లాంటి నూగు, తగిలితే ఆ మంట వారాలు, ఒక్కోసారి నెలలు. మన దూలగొండి దీని ముందు ఆట వస్తువు. ఎండ పడే చోట, చెట్టు కూలి ఖాళీ అయిన జాగాలో ఇది మొలుస్తుందని చెప్పాడు. ఆ తరవాత ఎండ మడుగు కనిపించినప్పుడల్లా నా చేతులు వాటంతటవే దగ్గరికొచ్చాయి.

కాసోవరీ పక్షి కేప్ ట్రిబ్యులేషన్ దారిలో ఎదురైంది. మనిషెత్తు, నల్లటి ఈకలు, నీలం మెడ, తల మీద కొమ్ములాంటి కిరీటం. వెనక చారల పిల్లలు. పిల్లల్ని తొమ్మిది నెలల దాకా పెంచేది తండ్రే. కాలి లోపలి వేలికి బాకులాంటి గోరు. పరిగెత్తకుండా, సంచి అడ్డం పెట్టుకుని వెనక్కి నడవాలి. 1999లో ఒక పరిశోధకుడు మనుషుల మీద జరిగిన 150 దాడుల్ని పరిశీలిస్తే, అందులో ముప్పావు వంతు చేసినవి అంతకుముందు మనుషులు పళ్లు పెట్టి మచ్చిక చేసిన పక్షులే. పెట్టిన చెయ్యి రేపు ఖాళీగా వస్తే అది తంతుంది. కారు అద్దాల్లోంచి చూస్తుండగా అవి దాటిపోయాయి.

నాకు నిజంగా భయం వేసిన చోటు మిల్లా మిల్లా జలపాతం. క్యాలెండరు బొమ్మలా ఉంటుంది. మొసలి లేదు, జెల్లీఫిష్ లేదు, చుట్టూ పచ్చిక. 2024లో ఆ నీళ్లలోనే మన తెలుగు యువకులు ఇద్దరు మునిగిపోయారు. చదువుకోడానికి వచ్చిన పిల్లలు. ఒడ్డున నిలబడి వాళ్ల తల్లుల గురించే ఆలోచించాను. ఊళ్లో మనం పిల్లల్ని పాము, సాలీడు అని హెచ్చరించి విమానం ఎక్కిస్తాం. ఈత వచ్చా అని అడగం. ఆస్ట్రేలియా వచ్చే పిల్లలకి తల్లిదండ్రులు నేర్పించి పంపవలసింది అదొక్కటే అయినా చాలు. 2000 నుంచి 2013 దాకా ఆ దేశంలో విషజీవాలన్నిటి వల్లా కలిపి పోయినవాళ్లు 64 మంది, అందులో పాములవల్ల 27, తేనెటీగలూ కందిరీగలవల్ల 27. అదే కాలంలో గుర్రాలవల్ల 74 మంది పోయారు.

పాము లెక్క దగ్గర నేను ఆగిపోయాను. ప్రపంచంలోకెల్లా ఎక్కువ విషమున్న పాములు ఆ దేశంలోనే ఉన్నాయి. ఏడాదికి కాట్లు మూడు వేల దాకా. చావులు సగటున రెండు మూడు. మన దేశంలో, 2020లో అచ్చయిన పెద్ద పరిశోధన ప్రకారం, 2000 నుంచి 2019 దాకా సగటున ఏడాదికి 58,000 మంది. ఎక్కువగా పోతున్న రాష్ట్రాల్లో మన తెలుగునేల ఉంది. సగం చావులు వానాకాలంలోనే, అదీ పల్లెల్లోనే.

ఆ రాత్రి మా అమ్మాయి ఆసుపత్రి నుంచి వచ్చాక అడిగాను, వీళ్లెలా బతుకుతున్నారని. సాగే బ్యాండేజీ చుట్ట తెచ్చి నా కాలికే కట్టి చూపించింది. కాటు చోట మొదలుపెట్టి, తరవాత కాలివేళ్ల నుంచి తొడ దాకా, బెణికిన కాలికి కట్టినంత బిగువుగా, పైన కర్ర బద్ద. కాటుని కడగనివ్వరు, చర్మం మీది విషం చుక్కని బట్టి ఏ మందివ్వాలో చూస్తారు. మనిషిని అడుగు వేయనివ్వరు. దూరమైతే విమానం వస్తుంది, ఫ్లయింగ్ డాక్టర్లు ఈ క్వీన్స్‌లాండ్‌లోనే 1928లో మొదలయ్యారు.

"ఇదే కట్టు మన పొలాల్లో నేర్పకూడదూ?" అన్నాను.

"వద్దమ్మా" అంది వెంటనే. "రక్తపింజర విషం కరిచిన చోట కండనే కుళ్లబెడుతుంది. గట్టిగా కడితే విషం అక్కడే నిలిచి కాలు పోతుంది. మన దగ్గర కాలు కదలకుండా బద్ద పెట్టి, 108 పిలిచి, మందున్న ఆసుపత్రికి చేర్చడమే. తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం అని గంట పోగొట్టొద్దు."

నా చిన్నప్పుడు మా కళ్లంలో కుప్ప నూరుస్తుండగా ఒకతన్ని పింజర కరిచింది. కాలికి తాడు బిగించి మంత్రం వేసే ఊరికి బండి మీద తీసుకెళ్లారు, తెల్లారి అక్కణ్నుంచి ఆసుపత్రికి. మూడో రోజుకి పోయాడు. అతనికి చెప్పులు కూడా లేవు. ఆ కాలు వాచి నల్లబడటం నేను చూశాను. ఇన్నేళ్లూ దాన్ని పాము పగ అనే తలుచుకున్నాను. ఆ రాత్రి కెయిన్స్‌లో, కాలికి కట్టిన బ్యాండేజీ విప్పుకుంటూ, అతన్ని చంపింది పాము ఒక్కటే కాదని మొదటిసారి కచ్చితంగా తెలిసింది. ఆస్ట్రేలియా అంటే ఉన్న దడ అప్పటికే పోయింది. మా ఊరి చేలల్లో ఇప్పటికీ వట్టి కాళ్లతో దిగే ఆడవాళ్ల గురించి దడ మొదలైంది.

మర్నాడు మా తమ్ముడికి ఫోన్ చేశాను. కూలీలకి మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు కొందామన్నాను.

"ఊడ్పుల్లో దిగబడిపోతాయి అక్కా, బురదలోంచి కాలు రాదు. వాళ్లు వేసుకోరు" అన్నాడు.

"మరి కోతలకి? చేను ఆరి ఉంటుందిగా. మిషను దిగని మడుల్లో ఇప్పటికీ కొడవళ్లే కదా?"

కాసేపు ఆలోచించి, కోతలకైతే వేసుకుంటారు అన్నాడు. కుప్ప వేసేటప్పుడు మరీ అవసరం అని తనే అన్నాడు. ఎవరి పాదం ఎంతో కొలిచి రాసి పంపమన్నాను. రెండు రోజులకి కాయితం ఫొటో తీసి పంపాడు. పన్నెండు పేర్లు, ఎదురుగా కొలతలు. ఎక్కువ ఆడవాళ్లవే, చిన్న పాదాలు. మచిలీపట్నంలో దొరికేవన్నీ మగవాళ్ల సైజులట. విజయవాడలో విచారించమని చెప్పాను.